గోడనీళ్ళు

“అక్కడికి మాత్రం తీసుకెళ్ళకండి” అంది మంగతాయారు.

కుసుమకుమారి అద్దం ముందు కుచ్చిళ్ళు సర్దుకుంటూ వినిపించనట్టు ఊరుకుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి అత్తగారు ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చుంది. ఎందుకని అడిగితే చెప్పదు. ఊళ్ళో ఇంకెక్కడా చోటే లేనట్టు ఆ మేడకే తీసుకెళ్ళాలా అని గోడవైపు తిరిగి పడుకుంటుంది.

కోడలికి అర్థమైందల్లా ఒక్కటే. ముసలావిడకి ఈ సంబంధం గిట్టదు. వాళ్ళు వచ్చి ఆవిడ మామగారు కట్టించిన మేడ గడప తొక్కడం బొత్తిగా గిట్టదు. అలా అర్థం చేసుకోవడం కుసుమకుమారికి కాస్త హాయిగా కూడా ఉంది. వారం రోజులుగా ఇంట్లో తప్పంతా తనదే అయి కూర్చుంది. అందులో వాటాకి ఇంకొకరు దొరికితే ఎవరికి మాత్రం చేదు?

తప్పని కుసుమకుమారి నోటితో ఒప్పుకున్నది లేదు. పోయిన ఆదివారం సరోజ టీచరు, ఆవిడ భర్త ఏసుకుమార్ పిల్లల పెళ్ళి మాట అనుకోవడానికి మొదటిసారి ఇంటికొచ్చారు. కుసుమకుమారి దగ్గరుండి మంచి డికాషన్ తీసి కాఫీ కలిపింది. ట్రేలో తమవాళ్ళకి స్టీలు గ్లాసులు పెట్టింది. వచ్చినవాళ్ళిద్దరికీ మొన్నటి నోముకి తెచ్చి మిగిలిన పేపరు గ్లాసులు పెట్టింది. అలా పెట్టమని అత్తగారు చెప్పలేదు, మొగుడు చెప్పలేదు. ట్రే హాల్లో బల్లమీద దించాక గానీ ఆ తేడా ఆవిడకే కనపడలేదు.

పోనీ గ్లాసులు లేని కొంపా అంటే, మొగుడు గోవిందరాజులుది ఏలూరు మెయిన్ బజార్లో స్టీలు సామాన్ల కొట్టు. ఊళ్ళో సగం కాపురాలు ఆ కొట్లో కొన్న గిన్నెలతోనే మొదలవుతాయి. అప్పుడైనా ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. పనిమనిషి రాలేదండీ, అంట్లన్నీ పడిపోయాయి, ఏమనుకోకండి అంది. పెరట్లో పనిమనిషి అంట్లు తోముతున్న చప్పుడు హాల్లోకి ఖణేల్ ఖణేల్‌మని వినపడుతూనే ఉంది.

సరోజ టీచరు కాఫీ చివరిదాకా తాగింది. చాలా బాగుందండీ వదినగారూ అంది. ఖాళీ గ్లాసులు ఎక్కడ పడెయ్యాలో అడిగి, తనే వెళ్ళి పడేసి వచ్చింది.

ఆ సాయంత్రమే కూతురు లక్ష్మీప్రసన్న బట్టలు సర్దుకుని ఆకివీడు వెళ్ళిపోయింది. అక్కడ చేపలకీ రొయ్యలకీ వచ్చే జబ్బులకి పరీక్షలు చేసే లాబ్‌లో ఆ పిల్లకి ఉద్యోగం. సరోజ టీచరు కొడుకు వెస్లీ కూడా ఆ లాబ్‌లోనే. తల్లి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తండ్రికి మాత్రం ఒక మెసేజి పెట్టింది. అమ్మ వాళ్ళకి సారీ చెప్పేదాకా ఇంటికి రాననీ, చెప్పకపోతే పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంటామనీ, దానికి అమ్మ రానక్కర్లేదనీ. గోవిందరాజులు అది పైకి చదివి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఆ పూట అన్నానికి లేవలేదు.

ఒక్కగానొక్క కూతురు. దాని పెళ్ళికి తల్లి రానక్కర్లేదట.

మేడకి తీసుకెళ్దామన్నది గోవిందరాజులే. మళ్ళీ ఇంటికి రమ్మంటే వాళ్ళకి మొహమాటంగా ఉంటుంది, మనం వాళ్ళింటికి వెళ్ళాలంటే, అని అక్కడ ఆగిపోయాడు. ఆ వాక్యం ఆయన పూర్తి చెయ్యలేదు, ఆవిడా పూర్తి చెయ్యమని అడగలేదు. మ్యూజియం అయితే ఎవరి ఇల్లూ కాదు కదా అన్నాడు.

నిజానికి అది వాళ్ళ ఇల్లే. పడమరవీధిలో గోవిందరాజులు తాతగారు కనకరాజు కట్టించిన రెండంతస్తుల మేడ. వాటాలు పడి, ఎవరూ బాగు చేయించలేక, చివరికి ఊరి పెద్దలు కొందరు పెట్టుకున్న సంఘానికి ఇచ్చేశారు. వాళ్ళు సున్నాలు వేయించి, పాత సామాన్లు పేర్చి, ఊరి చరిత్ర మ్యూజియం అని బోర్డు పెట్టారు. ప్రారంభం రోజు కుసుమకుమారి పట్టుచీర కట్టుకుని కత్తెర పట్టుకున్న ఫోటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో ఉంది.

“వెళ్ళొస్తాం అత్తయ్యగారూ” అంది కుసుమకుమారి చెప్పులేసుకుంటూ.

మంగతాయారు ఇటు తిరగలేదు. “వీధి గదిలోకి తీసుకెళ్ళకు” అంది.

---

వాళ్ళ కారు పెదపాడు నుంచి వచ్చేసరికి ఎండ బాగా ముదిరింది. వెస్లీ నడుపుతున్నాడు. పక్కన వాళ్ళమ్మ. వెనకసీట్లో ప్రసన్న.

కన్నతల్లి వీధిలో నిలబడి చూస్తుంటే కూతురు వాళ్ళ కారులోంచి దిగింది. దిగి, ముందు తలుపు తీసి సరోజ టీచరుకి చెయ్యి అందించింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులట. తన మోకాళ్ళకీ నొప్పులున్నాయని కుసుమకుమారికి అప్పుడే గుర్తుకురావాలా.

ఏసుకుమార్ గారు దెందులూరులో చుట్టాల పెళ్ళికి వెళ్ళారని, ఏమనుకోవద్దన్నారని సరోజ చెప్పింది. పెదపాడు హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. వెంకటగిరి నేతచీర, మెళ్ళో సన్నటి గొలుసు, గట్టిగా మాట్లాడాల్సిన అవసరం లేని గొంతు.

“బాగున్నారా వదినగారూ?”

“బాగున్నామండి. రండి టీచరుగారూ.”

వచ్చిన చిక్కల్లా అక్కడే. ఆవిడ మొదటిరోజు నుంచీ నోరారా వదినగారూ అంటోంది. కుసుమకుమారి మాత్రం టీచరుగారి దగ్గరే ఆగిపోతోంది. బజార్లో గిన్నెలు బేరమాడ్డానికి వచ్చిన ముక్కూ మొహం తెలియని వాళ్ళనందర్నీ వదినగారూ, పిన్నిగారూ అని పిలిచే నోరే అది. ఇక్కడ మాత్రం తిరగదు. ప్రసన్న ఆ పిలుపు విని, విననట్టు అటు తిరిగింది.

క్షమాపణ ఎలా చెప్పాలో కుసుమకుమారి పొద్దుటినుంచి వంటింట్లో వల్లె వేసుకుంది. పోయినసారి పొరపాటు జరిగిందండీ, మనసులో పెట్టుకోకండి. అంతే. నాలుగు మాటలు. ఎవరూ దగ్గర లేనప్పుడు అనేస్తే అయిపోతుంది.

కానీ ఫణీంద్ర వదిలితే గదా. మ్యూజియం చూసుకునే కుర్రాడు, చరిత్రలో ఎమ్మే చేశాడు, వినేవాళ్ళు దొరికితే ప్రాణం లేచొస్తుంది. దాతల వంశంవారే స్వయంగా వచ్చారని పొంగిపోయి, గదిగదికీ తీసుకెళ్ళి చెప్పడం మొదలుపెట్టాడు. ఏలూరు తివాసీలు నేసిన మగ్గం. తమ్మిలేరు పొంగినప్పటి ఫోటోలు. కొల్లేట్లో తిరిగిన దోనె, దాని పక్కన చేపలు పట్టే మావులు. గోవిందరాజులు ఉత్సాహం పట్టలేక మధ్యమధ్య తన మాట కలుపుతున్నాడు. ఈ గుమ్మం టేకు బర్మా నుంచి వచ్చిందండి, ఈ గదిలోనే మా నాన్నగారు పుట్టారండి.

సరోజ ప్రతి బోర్డు దగ్గరా ఆగి, కళ్ళజోడు సవరించుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతోంది. పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఇలాగే చదివేదేమో. ఆవిడ ఆగినచోటల్లా కుసుమకుమారి గుండె ఆగుతోంది.

దోనె దగ్గర అందరూ కాస్త ముందుకెళ్ళారు. ఇద్దరే మిగిలారు. ఇదే సమయం అనుకుంది కుసుమకుమారి.

“టీచరుగారూ, పోయినసారి...”

సరోజ కళ్ళజోడు తీసి ఇటు తిరిగింది. తొందరపెట్టలేదు. వింటానన్నట్టు నిలబడింది.

“పోయినసారి కన్నా ఇవాళ ఎండ బాగా ఎక్కువగా ఉంది కదండీ” అంది కుసుమకుమారి.

“అవునండి” అంది సరోజ. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని దోనె వైపు తిరిగింది. ముందుగదిలోంచి ప్రసన్న ఇటే చూస్తోంది. తల్లి ఏమనలేకపోయిందో ఆ పిల్లకి అర్థమైపోయింది. కుసుమకుమారికి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. తన తాతమామగారి మేడలో, ఇన్ని గదుల్లో, దాక్కోవడానికి ఒక్క చోటు లేదు.

---

చివరికి వీధి గది వచ్చింది.

అత్తగారి మాట గుర్తొచ్చింది గానీ, గుమ్మంలోంచి లోపలికి చూడగానే కుసుమకుమారి ప్రాణం కుదుటపడింది. ఇంతసేపూ ఈ సంగతి తనకెందుకు తట్టలేదు? క్షమాపణ కన్నా మంచిది ఇక్కడ గోడలోనే ఉంది.

వీధివైపు గోడలో ఇత్తడి గొట్టం. లోపలివైపు వెడల్పాటి గరాటులా ఉంటుంది. గోడలోంచి కిందకి వాలుతూ వెళ్ళి బయట, అరుగు పక్కన, ఆవు మూతిలా చేసిన కొసతో ముగుస్తుంది. ఇంట్లో అందరూ దాన్ని గోముఖం అంటారు. ఏటా ఎండలు మొదలవగానే కుసుమకుమారి వచ్చి, చింతపండుతో తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వెళ్తుంది. ఈ ఏడు ఆవు మూతి మీద పెట్టిన బొట్టు ఇంకా ఉంది.

పక్కన బోర్డు. కుసుమకుమారే పైకి చదివింది. కనకరాజుగారి చలివేంద్రం. మండు వేసవిలో దారిన పోయే అందరికీ, కులమత భేదం లేకుండా, ఈ గోముఖం ద్వారా చల్లని మంచినీరు అందించిన వదాన్యుడు.

చదువుతుంటే గొంతు దానంతటదే పెరిగింది. మాది అలాంటి ఇల్లు కాదండీ, చూశారా అని ఆ గొంతు అంటోంది. ఒకరోజు ఏదో పొరపాటు జరిగి ఉండొచ్చు. కానీ మా పుట్టుక ఇది. కులమత భేదం లేకుండా.

కట్టెల మోపులతో, గడ్డి మోపులతో వచ్చేవాళ్ళకి రోజంతా నీళ్ళు పోయడానికి ఒక మనిషినే పెట్టారనీ, కుండల్లో వట్టివేళ్ళు వేసేవారనీ తను విన్నదంతా చెప్పింది. గోవిందరాజులు తలాడిస్తూ నిలబడ్డాడు. వెస్లీ గొట్టం కేసి చూసి, వాళ్ళమ్మ కేసి చూశాడు. సరోజ బోర్డు చదవడం అయిపోయి కూడా దాని ముందే నిలబడి ఉంది. మిగతా బోర్డుల దగ్గర అంతసేపు నిలబడలేదు.

ఆదివారాల్లో వచ్చినవాళ్ళకి నీళ్ళు పోసి చూపిస్తామని ఫణీంద్ర అన్నాడు. కుండ, ఇత్తడి చెంబు తెచ్చిపెట్టాడు. దాతల ఇంటి కోడలుగారే ఉండగా నేను పొయ్యడం ఏమిటండీ, మీరే పోయండి అన్నాడు.

కుసుమకుమారికి మనసు ఎంత తేలికైపోయిందంటే, వారం రోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాట చెంబు చేతిలోకి రాగానే దానంతటదే బయటికొచ్చేసింది.

“వదినగారూ, మీరు బయటికెళ్ళి పట్టండి. నేను పోస్తాను.”

ప్రసన్న చటుక్కున తలెత్తింది. వదినగారూ. ఆ పిల్ల మొహం విప్పారడం కుసుమకుమారి కళ్ళారా చూసింది. వారం తరవాత కూతురు తనవైపు చూసి నవ్వబోతోంది. మిగతా మాటలు ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఒక్క సరోజకి తప్ప. “నేనాండీ?” అంది.

“మీరే వదినగారూ. వెళ్ళండి, వెళ్ళండి” అంది కుసుమకుమారి మురిపెంగా.

సరోజ చేతిసంచీ కొడుక్కి ఇచ్చింది. అమ్మా వద్దు అన్నాడు వెస్లీ మెల్లిగా. ఆవిడ అతని భుజం తట్టి, గుమ్మం దాటి, ఒక్కో మెట్టే దిగి వీధిలోకి వెళ్ళింది. మిగతావాళ్ళు వెనకాలే వెళ్ళారు.

గదిలో కుసుమకుమారి ఒక్కతే మిగిలింది. చెంబు ముంచి గరాటులో పోసింది. గోడలో నీళ్ళు జారుతున్న చప్పుడు, బయట పడుతున్న చప్పుడు. అక్కడ కిటికీ లేదు. పోసేవాళ్ళకి తాగేవాళ్ళు కనపడరు.

“పడుతున్నాయా వదినగారూ?” అని కేక వేసింది.

జవాబు రాలేదు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ ముంచి పోసింది. చల్లగా ఉన్నాయా అంది. మళ్ళీ పోసింది. వదినగారూ అని ఇంకో రెండుసార్లు పిలిచింది కూడా, పిలవడం ఇంత సులువైనందుకు తనలో తనే నవ్వుకుంటూ. కుండ అడుగంటాక పమిటకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

సరోజ వంగి ఉంది.

ఆ గొట్టం మూతి మోకాలి ఎత్తున ఉంటుంది. ఇన్నేళ్ళు పసుపు రాసినా, తను పీట వేసుకుని కూర్చునే రాసింది కాబట్టి, ఆ ఎత్తు ఎంతో కుసుమకుమారి ఎప్పుడూ ఆలోచించలేదు. తాగాలంటే నడుం పూర్తిగా వంచాలి, లేదా మోకాళ్ళ మీద కూలబడాలి. నొప్పుల మోకాళ్ళు వంగక సరోజ ఒక చెయ్యి గోడకి ఆనించింది. ఒక్క చేతిలో నీళ్ళు ఆగక మోచేతి మీదుగా కారి చీర ముందంతా తడిసిపోయింది. పడమరవీధిలో ఎండ. దారిన పోతున్న ఒకాయన సైకిలాపి వింతగా చూస్తున్నాడు.

ప్రసన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వబోయిన మొహం ఇప్పుడు ఏమీ లేకుండా అయిపోయింది.

వెస్లీ వెళ్ళి తల్లిని లేవదీశాడు. “ఎందుకమ్మా వెళ్ళావు?”

“చూడాలనిపించింది రా” అంది సరోజ నడుం నిలబెట్టుకుంటూ. ఊపిరి తీసుకుని, తడిచేత్తో కళ్ళజోడు తుడుచుకుంది. తరవాత కుసుమకుమారి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని కుసుమకుమారి అనుకుంది.

“మా అమ్మమ్మ ఈ ఊళ్ళోకి గడ్డి మోపులు తెచ్చేదండి వదినగారూ. మా పేటలో దీన్ని గోముఖం అనేవాళ్ళు కాదు. గోడనీళ్ళు అనేవాళ్ళు. గోడనీళ్ళు తాగొచ్చాను అనేది మా అమ్మమ్మ. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. గోడ నీళ్ళెలా ఇస్తుంది అమ్మమ్మా అని అడిగేదాన్ని.”

సరోజ అరుగు మీదకి చెయ్యి చూపించింది.

“అరుగు మీద కుండ ఉండేదట. అక్కడ చెంబుతో ఇచ్చేవారు. అది మిగతావాళ్ళకి. కింద గోడ మాకు. ఇంత కిందకి ఎందుకు పెట్టారంటే, చిందులు అరుగు మీద పడకుండానట.”

కుసుమకుమారి అరుగు కేసి చూసింది, గొట్టం కేసి చూసింది. ఆవు మూతి మీద తను పెట్టిన బొట్టు తడిసి ఎర్రగా కిందకి కారుతోంది. అత్తగారు ఎందుకు వద్దందో అప్పుడు తెలిసింది. ఆవిడ ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చింది. పొయ్యడానికి పెట్టిన మనిషి రానినాడు ఆ గదిలో చెంబు పట్టుకున్నది ఆవిడే అయి ఉంటుంది. ముసలావిడకి తెలుసు. తెలిసి, సిగ్గుపడి, నోరు విప్పలేక గోడవైపు తిరిగి పడుకుంది. తను దాన్ని కులగర్వం అనుకుంది, అనుకుని హాయిగా కూడా ఉంది.

గోవిందరాజులు గొంతు సవరించుకున్నాడు. మంచివాడే పాపం. మంచివాళ్ళకి ఇలాంటప్పుడు ఊరుకోవడం చేతకాదు.

“ఆ రోజులు అలాంటివండి. ఊరంతా అంతే. మా తాతగారు కనీసం నీళ్ళైనా పోయించారు” అన్నాడు.

“అవునండి అన్నయ్యగారూ. పోయించారు” అంది సరోజ. “మా అమ్మమ్మా ఆ మాటే అనేది. చాలా చల్లగా ఉండేవట.”

ఆయన తల దించుకున్నాడు.

ప్రసన్న తండ్రి వైపు చూడలేదు. తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది. “నువ్వూ కాఫీ ఇచ్చావు కదమ్మా” అంది. “మంచి కాఫీయే ఇచ్చావు.”

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. పనిమనిషి రాలేదన్న మాట, పెరట్లో అంట్ల చప్పుడు, చెత్తబుట్ట ఎక్కడుందండీ అని అడిగిన గొంతు, అన్నీ ఒక్కసారే కుసుమకుమారి మీదకొచ్చి పడ్డాయి. ఇందాక గోడ అవతల నిలబడి తను వేసిన కేకలు గుర్తొచ్చాయి. చల్లగా ఉన్నాయా వదినగారూ. జీవితంలో మొదటిసారి ఆవిణ్ణి వదినగారూ అని పిలిచింది ఎందుకు? వంగి తాగమని.

ఫణీంద్ర మొహం పాలిపోయింది. ఆ బోర్డు మీద రాసింది తన సొంతం కాదనీ, కుటుంబంవాళ్ళు చెప్పిందే రాయించామనీ, వాళ్ళు మార్చమంటే మారుస్తామనీ నసుగుతున్నాడు. గోవిందరాజులు అన్నదమ్ములందర్నీ అడగాలి కదా అన్నాడు. ఏమని అడుగుతారు నాన్నా అంది ప్రసన్న. ఆయన తాతగారి పటం లోపలి హాల్లో ఉంది. రుమాలు చుట్టుకుని, ఠీవిగా.

కుసుమకుమారి అరుగు మీద కూలబడింది. అక్కడ కూర్చుంటున్నానని తెలిసి లేవబోయింది. మళ్ళీ కూర్చుండిపోయింది. నోరు పిడచకట్టుకుపోయింది. ఇప్పుడు క్షమాపణ చెప్పాలి. దేనికని చెప్పాలి? కాఫీకా, కుండెడు నీళ్ళకా, అంతకుముందు ఎన్నో వేసవుల్లో ఎవరెవరో పోసిన నీళ్ళకా? పొద్దున వల్లె వేసుకున్న నాలుగు మాటలు ఇందులో దేనికీ సరిపోవు.

సరోజ వచ్చి పక్కనే కూర్చుంది. కొడుకు చేతిలోంచి సంచీ తీసుకుని, నీళ్ళ బాటిల్ తీసి, ఓ గుక్క తాగింది. కుసుమకుమారి పెదాలు చూసి, బాటిల్ అంచు పమిట కొసతో తుడిచి అందించింది.

“కాస్త తాగండి వదినగారూ. ఎండకి తట్టుకోలేకపోతున్నారు.”

కుసుమకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత జరిగాక ఈవిడ తనకి నీళ్ళు ఇస్తోంది. ఇంక మాటలతో పనిలేదు, అనుకుంది. ఆవిడ తాగిన నీళ్ళు తను తాగుతుంది. కూతురు చూస్తుంది. వెయ్యి క్షమాపణలు చెప్పినా దీనికి సాటిరావు. రెండు చేతులా బాటిల్ అందుకుంది. ఎంత సంతోషంగా అందుకుందో ఆవిడకే తెలుసు.

తలెత్తి, కళ్ళు మూసుకుని, గటగటా తాగింది.

కళ్ళు తెరిచేసరికి ప్రసన్న చూస్తోంది. తన మొహాన్ని కాదు, మొహానికీ బాటిల్‌కీ మధ్య చోటుని చూస్తోంది. అప్పుడు తెలిసింది. బాటిల్ బెత్తెడు ఎత్తున పట్టుకుని, పైనుంచి నోట్లోకి పోసుకుంది. ఎత్తి తాగింది.

“మీ వదినగారు ఎప్పుడూ అంతేనండి” అన్నాడు గోవిందరాజులు కంగారుగా. “నా బాటిలైనా ఎత్తే తాగుతుంది. ఎవరి ఎంగిలీ తాకదు. చిన్నప్పట్నుంచీ వాళ్ళ పుట్టింట్లో అలవాటండి.”

అది నిజం. అక్షరాలా నిజం. కాఫీ రోజు చెప్పిన అబద్ధం కన్నా ఈ నిజమే ఎక్కువ అబద్ధంలా వినపడింది కుసుమకుమారికి.

“తెలుసు నాన్నా” అంది ప్రసన్న. “నా బాటిలూ ఎత్తే తాగుతుంది. నేను కన్నకూతుర్ని. నాకు తెలియదా?”

వచ్చి తల్లి ముందు వీధిలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. కోపం ఎటుపోయిందో పోయింది, చిన్నపిల్లలా ఏడుస్తోంది.

“ఇవాళొక్కసారి మూతి పెట్టి తాగమ్మా. నాకోసం.”

“వద్దు ప్రసన్నా” అంది సరోజ. “ఎవరి అలవాటు వాళ్ళది. బలవంతం చెయ్యకమ్మా.”

“అదెంత పనండీ, తాగుతాను” అంది కుసుమకుమారి వెంటనే. మనస్ఫూర్తిగానే అంది. “దానికి ఏడుపెందుకే పిచ్చిమొహమా? తాగుతాను.”

బాటిల్ ఒళ్ళో ఉంది. మూత తీసే ఉంది. చెయ్యి దానిమీదే ఉంది. కూతురు చూస్తోంది, మొగుడు చూస్తున్నాడు, వెస్లీ అరుగు కింద నిలబడి చూస్తున్నాడు. సరోజ మాత్రం చూడకుండా ఉండడానికి తడిసిన చీర పిండుకుంటోంది.

చెయ్యి లేవలేదు.

ఎత్తు, ఎత్తు అని లోపల్నుంచి చెప్తూ, అందరితో పాటు తనూ తన చేతికేసే చూస్తూ కూర్చుంది కుసుమకుమారి.